కంప్యూటర్లోకి ఎక్కిన సముద్రం

హైదరాబాదు,
8 జూన్ 2002

పోతురాజు మావకి,

ఢిల్లీబాబు నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. అత్త మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? జ్యోత్స్న ఇంటర్ రెండో ఏడాదికి వచ్చిందని అమ్మ చెప్పింది. అమ్మ పలాస బూత్ నుంచి ఫోన్ చేస్తే నాతో మాట్లాడదు, మీటరుతో మాట్లాడుతుంది. అందుకని సగం సంగతులు సగంలోనే ఆగిపోతాయి.

మావా, నీతో పని పడింది. ఇక్కడ నా స్నేహితుడి కంప్యూటర్లో అంతరిక్ష యుద్ధం ఒకటి ఉంది. చుక్కల మధ్య వందల ఓడలు తిరుగుతాయి, కొట్టుకుంటాయి. చూడ్డానికి రెండు కళ్ళు చాలవు. కానీ ఒక్క ఓడకీ తిండి అక్కర్లేదు, నీళ్ళు అక్కర్లేదు, చమురు అయిపోదు. ఎండాకాలం సెలవులన్నీ బారువ ఒడ్డున నీ పడవ నీడలో గడిపినవాణ్ణి, నాకది మింగుడుపడలేదు. అందుకని ఆ ఓడలకి నేనే కొత్త నియమాలు రాసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. దీన్ని మాడ్ అంటారు. ఏ ఓడ ఎంత దూరం పోవచ్చు, ఎప్పుడు వెనక్కి తిరగాలి, దానికి సరుకు ఎవరు మోసుకెళ్ళాలి, ఇవన్నీ నేను రాసినట్టే జరుగుతాయి. పూర్తయ్యాక ఇరవై దేశాలవాళ్ళు నా నియమాల ప్రకారం ఓడలు నడుపుతారు.

కాబట్టి నువ్వు నాకు చెప్పాలి. పడవలో నీళ్ళు ఎన్ని పెట్టుకుంటారు? ఇంక తిరగాలి అని ఎలా తెలుస్తుంది? పెద్ద బోటుకీ చిన్న పడవకీ తగువొస్తే ఎవరు ఏం చేస్తారు? వివరంగా రాయి. అమ్మ అడిగితే కంప్యూటర్ పని చేస్తున్నాడని చెప్పు, అంతకంటే వద్దు.

ఇట్లు,
నీ మేనల్లుడు ఢిల్లీబాబు


బారువ,
21 జూన్ 2002

చిరంజీవి ఢిల్లీబాబుకి మావ పోతురాజు దీవెనలు.

నేను చెప్తుంటే జ్యోత్స్న రాస్తోంది. నేను 'సేత్తన్నాం' అంటే అది 'చేస్తున్నాము' అని రాస్తుంది. ఇదేటే అంటే, "ఉత్తరమంటే అలగే రాయాల నాన్నా" అంటుంది. కాబట్టి ఇందులో భాష దానిది, బుద్ధి నాది. అత్త మోకాళ్ళు అలాగే ఉన్నాయి. అవి నొప్పి పెడితే వాన వస్తుందని ఊరంతా వచ్చి అడుగుతున్నారు, ఆమె గర్వంగా చెప్తోంది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. చుక్కల సంగతి నాకు తెలియదు. పెద్ద ఆఫీసుల్లో ఏదైనా ముందు దూరంగా ఎక్కడో పెట్టి చూసుకుంటారేమో, తర్వాత మన దాకా తెస్తారు. సముద్రాన్ని కూడా కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారని మాత్రం తెలిసింది. మంచిదే. కంప్యూటర్ బలం నాకు తెలుసు. రేషన్ కార్డులు అందులోకి ఎక్కించినప్పుడు నా పేరు తప్పిపోయింది. నేను ఎదురుగా నిలబడి ఉన్నా, "నువ్వు నేవు పోతురాజూ" అన్నాడు రేషనాఫీసు గుమాస్తా. రెండేళ్ళు నేను లేను. కంప్యూటర్లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అలాంటి చోట మన కాసులమ్మ కొడుకు కూర్చుని రాస్తున్నాడంటే నాకు గుండె నిండిపోయింది.

అడిగినవి చెప్తాను. మా పడవకి ఏడుగురం. ఏడుగురూ భుజం పెడితేనే పడవ ఇసకలోంచి నీళ్ళలోకి దిగుతుంది, ఆరుగురితో కదలదు. నీళ్ళు రెండు డబ్బాలు. మొదటి డబ్బా ఉన్నంతసేపు ముందుకి. రెండో డబ్బా మూత తీశామంటే పడవ ముక్కు ఒడ్డుకి తిరగాల్సిందే. చేప పడిందా లేదా అన్నది డబ్బాకి అనవసరం. అప్పుడు కూడా ఎవడైనా "ఇంకొక్క వల వేద్దాం" అంటే వాడిని మర్నాడు పడవ ఎక్కనివ్వం.

ఇక పెద్ద బోట్లు. వేట నిషేధం పోయిన దగ్గర్నుంచి నీలం రంగు బోటు ఒకటి రొయ్యల కోసం మన ఒడ్డు కంఠం దాకా వస్తోంది. రాకూడదని రూలు ఉందట, రూలుకి ఈత రాదు. అది ఊడ్చుకుపోయాక మన వలలో నాచు పడుతుంది. కుర్రాళ్ళు వెరావల్ వెళ్ళి గుజరాతువాళ్ళ బోట్ల మీద కూలికి చేరదామంటున్నారు. ఏడుగురిలో ఒక్కడు పోయినా నా పడవ ఇసక మీద ఉండిపోతుంది. నీ నియమాల్లో దీనికి ఒకటి రాయి అల్లుడూ. వేరే ఏమీ అడగను.

దీవెనలతో,
పోతురాజు


హైదరాబాదు,
5 జులై 2002

మావా,

నువ్వు దేవుడివి. రెండో డబ్బా నియమం పెట్టేశాను. సరుకు సగానికి వచ్చిన ఓడ తనంతట తనే వెనక్కి తిరుగుతుంది. ఒక్కసారిగా యుద్ధం రంగే మారిపోయింది. నా స్నేహితుడు పది ఓడలు పంపి, అవి మధ్యలో తిరిగి వచ్చేస్తుంటే తల పట్టుకున్నాడు.

నువ్వు అడిగింది కూడా రాశాను. ఒడ్డుకి దగ్గరగా ఒక గీత గీశాను. గీత దాటి పెద్ద ఓడ లోపలికి వస్తే దాని ఇంజను బలం సగమైపోతుంది. ఒకటో తారీకు నుంచి అమల్లో ఉంది.

ఇంకో సంగతి. పెద్ద ఓడని చిన్నవి ఎదురుగా కొట్టి గెలవలేవు. యాభైసార్లు చూశాను. దానికి చమురూ సరుకూ మోసే ఓడ ఒకటి వెనక ఉంటుంది. దాన్ని ఆపు. పెద్దది నాలుగో రోజుకి బొమ్మలా నిలబడిపోతుంది.

జ్యోత్స్నకి ఒక సీడీ పంపుతున్నాను. కాశీబుగ్గ నెట్ సెంటర్లో వేయించుకుని చూడండి. ఒకసారి చూస్తే అంతా మీకే తెలుస్తుంది. ఏమైనా తేడా ఉంటే మొహమాటం లేకుండా రాయి.

ఢిల్లీబాబు


బారువ,
22 జులై 2002

చిరంజీవి ఢిల్లీబాబుకి,

సీడీ అందింది. కాశీబుగ్గ సెంటరువాడు దాన్ని వేసి చూసి, ఇది నడవాలంటే ఇంకా పెద్ద కంప్యూటర్ కావాలి, వచ్చే నెల తెప్పిస్తున్నాం అన్నాడట. పెద్ద పని అని అప్పుడే అర్థమైంది. [బావా, ఆ పై మాట ఉత్తరంలో రాయవద్దని నాన్నకి చెప్పాను, వినలేదు. కాబట్టి ఇప్పుడు ఆ మాట మీద అట్ట ముక్క అంటిస్తున్నాను. ఆయనకి మన మొహమాటాలు తెలియవు. సీడీ చాలా బాగుంది. - జ్యోత్స్న]

నీ ఉత్తరం ఆదివారం రామమందిరంలో చదివించాను. ఊళ్ళో పదకొండు పడవలవాళ్ళూ వచ్చారు. పంచాయతీలో పనిచేసి దిగిపోయిన నారాయణమూర్తి, నీకు తెలుసుగా, ప్రతిదానికీ ఈకలు పీకుతాడు. "కాయితానికి సీలు నేదేటి పోతురాజూ" అన్నాడు. నేను ఏదైనా అనేలోపే ఎండుచేపల జగదాంబ అందుకుంది. "సీలున్న కాయితాలు ఇరవై సూసినాం. బోటు ఒక్కసారైనా ఆగిందేటి? ఇది కంప్యూటరు. ఎక్కితే ఎక్కినట్టే." అందరూ చప్పట్లు కొట్టారు.

అయితే అల్లుడూ, పదిహేనో తారీకున నీలం బోటు వచ్చింది. మేమంతా పనులు మానుకుని ఒడ్డున నిలబడి చూశాం. ఇంజను సగం అవ్వలేదు. అవ్వకపోగా ఇంకా జోరుగా వచ్చి రెండు వలలు తెంపుకుపోయింది. అందులో ఒకటి మనది. నీ నియమం మన వైపు ఇంకా రాలేదా, లేక నీలం రంగు బోటుకి వర్తించదా? కొంచెం చూసి సరిచెయ్యి. నారాయణమూర్తి నా మొహం చూసి నవ్వుతున్నాడు, అది కూడా భరిస్తాను. కానీ వెరావల్ బోట్లకి కూలీలని కుదిర్చే మేస్త్రీ రామూర్తి వచ్చి టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. మన పడవ కుర్రాళ్ళు ముగ్గురు రోజూ అక్కడే టీ తాగుతున్నారు.

సరుకు మోసే పడవని ఆపమన్నావు కదా. అది ఎవరిదో మాకు తెలుసు. ఆ పని మొదలుపెడతాం.

పోతురాజు


హైదరాబాదు,
3 ఆగస్టు 2002

మావా,

నువ్వు ఇంత శ్రద్ధగా పరీక్షించి చూస్తావని కల్లో కూడా అనుకోలేదు. ఇక్కడ నా స్నేహితులు పది నిమిషాలు చూసి లేచిపోతున్నారు. మీరేమో ఊరంతా నిలబడి చూశారట. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. సీడీ బాగుందని రాసినందుకు జ్యోత్స్నకి థాంక్స్ చెప్పు. ఆ అట్ట ముక్క మాత్రం ఊడదీయలేకపోయాను, కింద ఏముందో తెలియలేదు.

తప్పు నాదే. నీలం పక్షానికి ఇంజన్ల పట్టిక వేరే ఉంది, అందులో మార్చడం మర్చిపోయాను. నిన్న సరిచేశాను. ఇకనుంచి నీలం, ఎరుపు, పచ్చ, ఎవడొచ్చినా సగమే. వలలు తెగడం మాత్రం నేను పెట్టలేదు, అది ఎలా జరిగిందో అంతు చిక్కడం లేదు. కానీ బాగుంది, ఉండనిద్దాం.

సరుకు పడవని ఆపాక పెద్దది ఎన్నో రోజుకి నిలబడిందో కచ్చితంగా రాసిపెట్టుకో. నా లెక్క నాలుగు.

ఢిల్లీబాబు


బారువ,
25 ఆగస్టు 2002

చిరంజీవి ఢిల్లీబాబుకి,

నీ లెక్క నాలుగు. నాలుగో రోజే నిలబడింది. నీ బుర్రకి దండం.

నీలం బోటుకి డీజిలూ ఐసూ నీళ్ళూ మోసేది పక్క ఊరి పడవ. ఆ పడవ మనిషి పెళ్ళాం రాజులమ్మ మన ఊరి ఆడపడుచు. పెద్దలు అరటిపళ్ళు పట్టుకుని వెళ్ళి ఆమెకి చెప్పారు. ఆమె మొగుడి ఎదటే అందట: "ఆ బోటుకి సుక్క డీజిలు మోసినావంటే నాను పుట్టింటికి ఎల్లిపోతాను. వండుకుని తిను." వాడు ఒక పూట ఆలోచించి డబ్బాలు దింపేశాడు. ఇంత సుళువుగా అవుతుందని ఎవరూ అనుకోలేదు.

నాలుగో రోజు పొద్దున్న బోటు కదలకుండా నిలబడి ఉంది. పదకొండు పడవలూ వెళ్ళి చుట్టూ నిలిచాం. పట్టుకుని ఒడ్డుకి లాక్కొచ్చి, ఓనరు వచ్చి దండుగ కట్టి ఇంక రానని రాసిచ్చేదాకా వదలకూడదని అనుకున్నాం. రామూర్తి దగ్గర టీ తాగే ముగ్గురూ అందరికంటే ముందున్నారు. ఈ ఒక్కటీ గెలిస్తే వాళ్ళు ఊళ్ళో ఉండిపోతారు. అది నా కళ్ళకి కనిపిస్తోంది.

అప్పుడు బోటు మీద డ్రైవరు లేచి ఖాళీ బిందె బోర్లించి పైకెత్తాడు.

నీకు తెలుసు కదా. నడి సముద్రంలో బిందె బోర్లించి చూపించినవాడికి నీళ్ళు ఇవ్వాలి. ఇచ్చాక ఆ రోజు వాడి మీద చెయ్యి ఎత్తకూడదు. తగువున్నా, రక్తం కళ్ళ చూసినవాడైనా సరే. మన రెండో డబ్బా మూత తీసి నేనే అందించాను. వాడు గుక్క తిప్పుకోకుండా తాగాడు. వాడి పేరు పోలయ్య. మాట వినగానే తెలిసింది, మన ఉద్దానం వైపు మనిషే. "ఓనరు సల్లగా ఇశాపట్నంలో ఉన్నాడు మావా. నానేటి, కూలోణ్ణి. మల్ల ఇటు రాను" అన్నాడు. తాగిన నీళ్ళ మీద ఒట్టేశాడు. మేమే రెండు డబ్బాల డీజిలు పోసి పంపించాం.

ఇది కూడా నీ నియమాల్లో రాయి. మర్చిపోయి ఉంటావు.

పోతురాజు


హైదరాబాదు,
2 సెప్టెంబరు 2002

మావా,

చేతికొచ్చిన యుద్ధాన్ని బిందెడు నీళ్ళకి ఇచ్చేశావు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్ళు కాక డీజిలు కూడా పోశావా?

ఇంకొక్క రోజు ఆగి ఉంటే ఓడలోవాళ్ళు మొత్తం పోయేవాళ్ళు. ఖాళీ ఓడ నీ చేతికొచ్చేది. ఆ రాజులమ్మ, పోలయ్య పేర్లు ఎవరు పెట్టారో గానీ భలే ఉన్నాయి. వాడి మాట మీద జాలిపడితే ఎలా? ఇలాంటివాళ్ళు వందమంది పోతారు, మళ్ళీ వందమంది వస్తారు, లెక్కలోకి రారు. బిందె నియమం పెడితే జనం నవ్వుతారు, శత్రువుకి సరుకు ఇచ్చే యుద్ధం ఎక్కడైనా ఉందా అంటారు. ఈసారి ఎవడైనా బిందె ఎత్తితే చూడనట్టు ఊరుకో. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి ఎలా వచ్చిందో రాయి.

ఢిల్లీబాబు


బారువ,
14 సెప్టెంబరు 2002

డిల్లీబాబు,

నాకొచ్చిన నాలుగు అచ్చరాలతో ఇది నా సేత్తో రాత్తన్నాను. జోత్స్నకి ఇవ్వలేదు.

నీ ఉత్తరం రామమందిరంలో సదివించినాను. సగంలో సదివే మనిషే ఆగిపోయినాడు. పదకొండు పడవలోళ్ళు ఉన్నారు. నారాయణమూర్తి కూడా నవ్వలేదు. ఎనకనించి ఎవురో ఈడు కాసులమ్మ కొడుకేనా అన్నారు. నాను తల ఎత్తలేకపోయినాను.

పోలయ్య మాట మీదే ఉన్నాడు, రానేదు. ఓనరు ఆడిని తీసేసి ఇంకో డ్రైవర్ని ఎట్టి అదే బోటు పంపినాడు. మన ముగ్గురూ రామూర్తితో ఎల్లిపోయినారు.

మనుసులు దాహానికి సచ్చిపోతే మంచిదనే ఆఫీసు నీది. నీ ఉజ్జోగం నువ్వు సేసుకో. నాకు రాయకు.

పోతురాజు


కాశీబుగ్గ,
17 సెప్టెంబరు 2002

బావా,

నాన్నకి తెలియకుండా నెట్ సెంటర్ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కొత్త కంప్యూటర్ మొన్న వచ్చింది. ఇవాళ నీ సీడీ వేశారు. సీడీ చూడకుండానే బాగుందని రాసింది నేనే. సెంటర్లో నడవలేదని చెప్తే నువ్వు చిన్నబుచ్చుకుంటావని అనుకున్నాను. తప్పు నాది కూడా.

బావా, అది ఆట. చుక్కలు, ఓడలు, డబ్‌మని పేలిపోవడం. నువ్వు సర్కారులో సముద్రం నియమాలు రాస్తున్నావని నాన్న ఊరంతటికీ చెప్పాడు. మేం ఎవ్వరం ఏ ఆటా ఆడలేదు. నీలం బోటు నిజం. తెగిన వల నిజం, ఇంట్లో అటక మీద పడేసి ఉంది. పోలయ్య తాగిన నీళ్ళు నిజం. నువ్వు పోనిమ్మన్నది నిజం మనుషుల్ని.

నాన్నకి నేను చెప్పలేను. నువ్వే చెప్పు.

జ్యోత్స్న


హైదరాబాదు,
24 సెప్టెంబరు 2002

మావా,

రాయవద్దన్నావు, అయినా రాస్తున్నాను. చించేసే ముందు ఒక్కసారి చదువు.

నాది ఆఫీసు కాదు. నేను పగలు ఒక కొట్లో బిల్లులు టైపు చేస్తాను. సాయంత్రాలు స్నేహితుడి కంప్యూటర్లో ఆట చేస్తాను. ఇన్నాళ్ళూ రాసిన నియమాలన్నీ ఆ ఆటకి. పాతికేళ్ళవాణ్ణి ఆట చేస్తున్నానని రాయడానికి సిగ్గేసి, ఆ ఒక్క మాటా మానేసి మిగిలినవన్నీ రాశాను. నువ్వు సీడీ చూసి ఆడుతున్నావనుకున్నాను. నీ వల తెగితే బాగుంది అన్నాను. చేతిలో బిందెతో నిలబడ్డ మనిషిని లెక్కలోకి రాడన్నాను. రామమందిరంలో ఆ మాటలు పైకి చదువుతుంటే నువ్వు ఎలా కూర్చున్నావో తలుచుకుంటే అన్నం సయించడం లేదు. నన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు మావా.

పనైతే పూర్తయింది. నెట్‌లో పెట్టాను, నాలుగు వందలమంది తీసుకున్నారు. బిందె నియమం అందులో ఉంది. ఎక్కడివాడో ఒకడు అది పొరపాటు, తీసెయ్యమని రాశాడు. తియ్యలేదు. చిన్న పడవలు పదకొండు. వాటిలో ప్రతి మనిషికీ మన ఊరివాళ్ళ పేరే పెట్టాను. మొదటి పడవ మీద పోతురాజు అని ఉంటుంది. ఆటలో ఆ పడవని ఇంతవరకు ఎవరూ ఓడించలేదు. పెద్ద ఓడలు వందల్లో ఉన్నాయి, వాటికి నంబర్లే, పేర్లు లేవు. నీకు ఇంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను.

ఢిల్లీబాబు


వెరావల్,
28 నవంబరు 2002

డిల్లీబాబుకి మావ దీవెనలు.

నీ ఉత్తరం ఊళ్ళోనే అందింది. కోపం పోడానికి ఇన్నాళ్ళు పట్టింది. ఆట అని రాసుంటే మీ అత్తా నానూ నవ్వుకుని ఊరుకుందుము. రామమందిరంలో నానే సెప్పినాను, మావోడిది ఆఫీసు కాదు, ఆట అని. జగదాంబ అంది, మన రేషనాఫీసు కంటే నయమే, అడిగింది రాసినాడు అని. ఊరికి నీ మీద కోపం నేదు.

నలుగురితో పడవ కదల్లేదు. ఇసక మీద బోర్లించి, తాటాకులు కప్పి, దసరా ఎల్లినాక నానూ ఇటు వచ్చేసినాను. యాభై రెండేళ్ళకి కూలి. రామూర్తి నన్ను సూసి సిగ్గుపడ్డాడు, నాను పడలేదు. పెద్ద బోటు, ఎనిమిదిమందిమి, అందరం శ్రీకాకుళం వోళ్ళమే. నీళ్ళు పెద్ద టాంకు ఉంది. ఎప్పుడు తిరగాలో ఓనరు వైర్లెస్సులో సెప్తాడు.

రొయ్య ఒడ్డు దగ్గరే ఎక్కువ, అక్కడికే ఎల్లమంటాడు. మొన్న సిన్న పడవొకటి వల ఏసుకుని ఉంది. మా బోటు దాని మీంచి ఎల్లిపోయింది. వల తెగిపోయింది. పడవలో ముసిలోడు లేసి నిలబడి తిట్టినాడు. వోళ్ళ బాస నాకు రాదు. అయినా ప్రతి మాటా తెలిసింది. నాను తల తిప్పుకున్నాను.

నీతో ఒక పనుంది. నువ్వు ఆ ఆట ఇంకా సేత్తన్నావంటే, ఆ మొదటి పడవ మీద నా పేరు తీసెయ్యి. పెద్ద ఓడలకి నంబర్లే అన్నావు. ఒకదాని మీద నా పేరు రాయి. అందులో కూడా మనుసులున్నారని తెలియాల. ఆ ఓడని ఎవురైనా ఓడించగలిగితే నాకు ఉత్తరం రాయి.

మీ మావ
పోతురాజు